ష్వేర్ట్‌ఫేగర్: కత్తులు చేసేవాడా, తుడిచేవాడా?

కృష్ణాతీరం: నేనుండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో. మా టీమ్‌లో కొత్తగా చేరినాయన ఇంటిపేరు ష్వేర్ట్‌ఫేగర్. ష్వేర్ట్ అంటే కత్తి, ఫేగన్ అంటే ఊడవడం. కత్తులు ఊడ్చేవాడా?! భోజనాల దగ్గర తెగ నవ్వుకున్నాం. రాజుగారి ఆయుధశాలలో తుప్పు తుడిచే నౌకరు అయ్యుంటాడని నా లెక్క. కాదంటారా?

పాతమాట: కాదండీ. ఇవాళ్టి అర్థంతో మధ్యయుగపు పేరు చదివితే ఇలాగే నవ్వొస్తుంది. అప్పట్లో ఫేగన్ అంటే శుభ్రం చేయడం, మెరుగుపెట్టడం కూడా. చచ్చాక పాపాలు కడిగే మంట ఒకటుందని కాథలిక్కులు అంటారు కదా, దాన్ని జర్మన్‌లో ‘ఫేగెఫాయర్’ అంటారు. అక్కడ చీపురేదీ?

గోదారోడు: అయితే కత్తులు చేసేవాడు అనేస్తే పోలా? నేను చూసిన ఇంటిపేర్ల సైట్లలో అలాగే ఉంది. మెరుగూ గిరుగూ అని సాగదీయడం దేనికి?

పాతమాట: సాగదీయాల్సిందే, గోదారోడు గారూ. జోలింగన్ కత్తుల ఊరని తెలుసుగా. అక్కడ కత్తిని గట్టిపరిచేవాళ్ళకూ సానపట్టేవాళ్ళకూ 1401లో హక్కుపత్రం ఇచ్చారు. ష్వేర్ట్‌ఫేగర్లకూ పిడులు బిగించేవాళ్ళకూ 1412లో ఇచ్చారు. కత్తి కమ్మర్లకు వచ్చింది 1472లో. ఫేగరే కమ్మరైతే ఇన్ని పత్రాలెందుకు?

కమ్మరి కొలిమి నుంచి వచ్చేది నల్లటి ఇనప పట్టీ. దాన్ని ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరచాలి, తర్వాత సానరాయి మీద పెట్టాలి. వుప్పర్ నది నీళ్ళు ఆ రాళ్ళను తిప్పేవి. ఇంత జరిగినా దాని మీద సాన గీతలు కనబడుతూనే ఉంటాయి. వాటిని పోగొట్టి నిగనిగలాడించే చెయ్యి ఫేగర్‌ది.

గోదారోడు: సరే, జోలింగన్‌లో అంతమంది ఉన్నారు. కత్తి కమ్మర్లే లేని ఊళ్ళ సంగతేంటి?

పాతమాట: మంచి ప్రశ్న, మీ సైట్ల గుట్టు అక్కడే ఉంది. అలాంటి ఊళ్ళలో ఫేగర్ జోలింగన్ నుంచో పస్సౌ నుంచో పిడి లేని ఉత్త కత్తి అలుగులు తెప్పించుకునేవాడు. మెరుగుపెట్టి, పిడి బిగించి, ఒర తొడిగి అమ్మేవాడు. కొనేవాడు కొలిమి మొహం ఎరగడు, వాడికి కత్తి దొరికేది ఈ అంగట్లోనే. అందుకే పోనుపోను ఫేగర్ అంటే కత్తులు చేసేవాడనే అర్థం కూడా వచ్చి చేరింది. అంచేత మీ సైట్లది పచ్చి తప్పనను. కృష్ణాతీరం గారి నౌకరు మాత్రం తప్పే! కవచాలకు మెరుగుపెట్టేవాళ్ళ ఇంటిపేరు హార్నిష్‌ఫేగర్ కూడా ఉంది, దానికీ నవ్వకండి.

కృష్ణాతీరం: నవ్వను లెండి. ఇవాళ ఆయన్నే అడిగాను. వాళ్ళ తాతది బేకరీ అట.