కళ్లలోకి చూడకపోతే అబద్ధం ఆడుతున్నట్టేనా?

బెల్లందూరు బాబాయ్:
నిన్న మా ఆఫీసులో ఇంటర్వ్యూకి అనంతపురం కుర్రాడొకడు వచ్చాడు. సమాధానాలు బాగానే చెప్పాడు, కానీ తల వంచుకునే మాట్లాడాడు. మా మేనేజర్ "కళ్లలోకి చూడట్లేదు, ఫేక్ ఎక్స్‌పీరియన్సే" అని పక్కన పెట్టేశాడు. నాకు మింగుడు పడట్లేదు. పెద్దవాళ్ల ముందు తల దించుకోమని ఇంట్లో నేర్పిస్తాం, బెంగళూరు వచ్చాక అదే దొంగచూపు అయిపోతుందా?

హెచ్ఆర్ అక్క:
నేను మీ మేనేజర్ వైపే. వీడియో కాల్‌లో ప్రశ్న అడగ్గానే చూపు పక్క స్క్రీన్ మీదకి పోతుంది, పెదాలు ఒకటి అంటాయి, గొంతు ఇంకోటి పలుకుతుంది. మనవాళ్లలో ప్రాక్సీ ఇంటర్వ్యూలు, అంటే ఒకడి బదులు ఇంకొకడు జవాబులు చెప్పడం, ఎంత మామూలైపోయాయో తెలియనట్టు మాట్లాడకండి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకాన్ని రోజూ చూస్తున్నా.

సైకాలజీ పిచ్చోడు:
అక్కా, పెదాలకీ గొంతుకీ పొంతన లేకపోవడం సాక్ష్యం, అది పట్టుకోండి, కాదనను. కానీ తల దించుకోవడం సాక్ష్యం ఎలా అవుతుంది? బాండ్, డిపౌలో అనే ఇద్దరు 2006లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, ఏది అబద్ధమో ఏది నిజమో జనం సరిగ్గా చెప్పింది సగటున 54 శాతం. కళ్లు మూసుకుని చెప్పినా 50 వస్తుంది. అనుభవం ఉన్న పోలీసులూ మామూలు జనం కంటే మెరుగేమీ కాదట. అదే ఏడాది 58 దేశాల్లో అడిగితే ఎక్కువమంది చెప్పిన గుర్తు చూపు తప్పించడమే. ఆ సంగతి అబద్ధాలాడేవాడికీ తెలుసు కదా, వాడు రెప్ప వేయకుండా చూస్తాడు!

కోరమంగళ క్రికెటర్:
లై డిటెక్టర్ పెట్టేస్తే పోలా 😀 మన మడివాళ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడిగే నార్కో టెస్టులు కూడా చేసేవాళ్లుగా.

జయనగర్ లాయరమ్మ:
పెట్టలేవు నాయనా. సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు తేల్చేసింది, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్ (అదే నీ లై డిటెక్టర్), మెదడు తరంగాలు చూసే బ్రెయిన్ మ్యాపింగ్ ఏదీ చేయకూడదని. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితం దానంతటదే సాక్ష్యం కాదు. అసలు పాలిగ్రాఫ్ కొలిచేది బీపీ, ఊపిరి, చెమట, అంతే. టెన్షన్ పడే నిజాయితీపరుడికీ అవి పెరుగుతాయి. సోవియట్లకి రహస్యాలు అమ్ముకుంటూనే సీఐఏ ఉద్యోగి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో, 1991లో రెండుసార్లూ ఆ పరీక్ష దాటేశాడు.

హెచ్ఆర్ అక్క:
సరే మేధావులూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరసగా ఇంటర్వ్యూలు చేసే నేను ఏం చెయ్యాలో అది చెప్పండి.

సైకాలజీ పిచ్చోడు:
వాడు ఊహించని ప్రశ్న వెయ్యండి. "నీ ప్రాజెక్ట్ గురించి చెప్పు" అంటే బట్టీ కొట్టింది అప్పజెప్తాడు. ప్రొడక్షన్, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్, పడిపోయిన రాత్రి ముందు ఎవరికి ఫోన్ వచ్చింది, నువ్వు మొదట ఏ లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) తెరిచావు, మార్పు వెనక్కి తీసుకోవడానికి ఎవరి అప్రూవల్ కావాలి అని అడగండి, పని చేసినవాడు నేల చూస్తూ అయినా చెప్పేస్తాడు. ఆల్డర్ట్ వ్రై లాంటి పరిశోధకులు జరిగింది చివర్నుంచి మొదటికి చెప్పమని కూడా అడిగి చూశారు. అదేం మంత్రం కాదు, కానీ ముఖం చూసి జాతకం చెప్పడం కంటే నయం. ఆపైన ఎక్కడెక్కడ పనిచేశాడో చూపించే పీఎఫ్ సర్వీస్ హిస్టరీ ఎలాగూ ఉంది.

హెచ్ఆర్ అక్క:
పీఎఫ్ కూడా కట్టి చూపించే కన్సల్టెన్సీలున్నాయి తమ్ముడూ, ఏ లోకంలో ఉన్నావ్? లాగ్ ప్రశ్న బాగుంది, వాడుకుంటా. కెమెరా మాత్రం ఆన్‌లో ఉండాల్సిందే.