"మైండ్ హౌ యూ గో": థర్స్‌డే తెలుగువాడైతే ఏమనేవాడు?

మొదటి టపా

ఎండీవర్ చూసినవాళ్ళు ఇక్కడ కొందరు ఉన్నారని పాత చర్చల్లో గమనించాను. చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. ఇది బ్రిటన్‌లో ఐటీవీ ప్రసారం చేసిన డిటెక్టివ్ సీరియల్. 2012 జనవరిలో ఒక్క భాగంగా వచ్చింది. ఆ తర్వాత 2013 నుంచి సిరీస్‌లుగా సాగి 2023 మార్చిలో ముగిసింది. మొత్తం 36 భాగాలు. కథ ఆక్స్‌ఫర్డ్‌లో 1965లో మొదలై 1972 దాకా నడుస్తుంది. 1987 నుంచి 2000 వరకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ మోర్స్ సీరియల్ హీరో కుర్రకానిస్టేబుల్‌గా ఉన్న రోజుల కథ ఇది. మోర్స్‌గా షాన్ ఎవాన్స్, అతన్ని చేరదీసిన ఇన్‌స్పెక్టర్ ఫ్రెడ్ థర్స్‌డేగా రోజర్ అల్లమ్ చేశారు.

నా ప్రశ్న థర్స్‌డే నోట వినిపించే ఒక వీడ్కోలు మాట గురించి: "మైండ్ హౌ యూ గో". అభిమానులు ఇప్పుడు ఒకరికొకరు ఇదే మాటతో సెలవు చెప్పుకుంటారు. మా ఇంట్లో ఇంగ్లీషు అంతగా అందని పెద్దవాళ్ళు కూడా ఈ సీరియల్ ఇష్టపడుతున్నారు. వాళ్ళ కోసం పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటాను. మిగతావన్నీ ఎలాగో నెట్టుకొస్తున్నాను గానీ ఈ మాట దగ్గర ఆగిపోతున్నాను. ఉన్నదున్నట్టు చెబితే "ఎలా వెళ్తున్నావో గమనించుకో" అవుతుంది. తెలుగు నేల మీద ఎవరూ ఎవరితోనూ అలా అనరు. థర్స్‌డే 1967లో మన ఊళ్ళో ఇన్‌స్పెక్టరై ఉంటే, రాత్రి డ్యూటీ అయ్యాక ఆ కుర్రాణ్ణి ఏమని పంపేవాడు?

గుంటూరు నుంచి

"జాగ్రత్త" ఉండగా ఇంకో మాట ఎందుకండీ? "జాగ్రత్తగా వెళ్ళు." అయిపోయింది.

హైదరాబాద్ నుంచి

నేనైతే "టేక్ కేర్" అనే పెట్టేస్తాను. ఇప్పుడు అందరూ అనేది అదే కదా, అందరికీ తెలుస్తుంది.

మొదటి టపా రాసినవారు

"టేక్ కేర్" వద్దు తమ్ముడూ. ఇవాళ మన నోళ్ళలో అది తెలుగు మాటే అయిపోయింది, కాదనను. కానీ కథ జరిగేది 1967లో. అప్పట్లో తెలుగు ఇన్‌స్పెక్టర్ తన కింది ఉద్యోగితో "టేక్ కేర్" అనడం నేను ఊహించలేను. ఆ కాలాన్ని మళ్ళీ కట్టడానికి ఆ సీరియల్ వాళ్ళు కార్లు, టోపీలు, గోడ కాగితాలతో సహా ఎంత శ్రమపడ్డారు! మన మాట దగ్గరకొచ్చేసరికి నలభై ఏళ్ళు ముందుకు దూకితే ఎలా?

"జాగ్రత్త"తో నాకు పేచీ లేదు. ఎంతో మంచి మాట. సంస్కృతంలో జాగ్రత్ అంటే మెలకువ. జాగ్రత్, స్వప్న, సుషుప్తి అని మూడు అవస్థలు చెబుతారు, వాటిలో మొదటిది. అలా చూస్తే మనం ఎవరినైనా "జాగ్రత్త" అని పంపినప్పుడల్లా "మెలకువగా ఉండు" అని పంపుతున్నట్టే. అయితే ఆ మాట చాలా పనులు చేసి చేసి అలిసిపోయింది. కరెంటు స్తంభం మీద ఉంటుంది, "కుక్కలున్నవి" అన్న బోర్డు పక్కన ఉంటుంది, "డబ్బు జాగ్రత్త", "ఆరోగ్యం జాగ్రత్త" అని ప్రతి ఉత్తరం చివరా ఉంటుంది. థర్స్‌డే మాటకు ఒక మనిషి ముద్ర ఉంది. అది "జాగ్రత్తగా వెళ్ళు"లో కనబడటం లేదు.

వరంగల్ నుంచి

మా దిక్కు ఒక్కటే మాట: పైలం. "పైలంగ పో బిడ్డా." రాత్రిపూట బండి మీద పోయేటోనికి, చదువుకోను పట్నం పోయే పిల్లకు, ఎవ్వలికైనా అదే. అందులో భయపెట్టుడు ఉండదు, కడుపుల నుంచి వస్తది. పదిలం, పైలం నా చెవికి అన్నదమ్ముల లెక్కనే వినిపిస్తయి. థర్స్‌డే యుద్ధం చూసొచ్చిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఆయన నోట్లకు "పైలం" మస్తు నప్పుతది.

అనంతపురం నుంచి

మా సీమలో "జోపానం" అంటాం. "జోపానంగా పోయి రా నాయనా." కన్నడంలోనూ జోపాన ఉంది, సరిహద్దు పక్కన ఉన్నాం కాబట్టి రెండు భాషలకీ సొంతమే. ఆ మాటలో కాపాడుకోవడం అన్న అర్థం కూడా ఉంటుంది. పసిపిల్లను ఎత్తుకున్నవాళ్ళకు చెప్పేదీ ఇదే మాట.

ఇంగ్లండ్, రెడింగ్ నుంచి

ఆక్స్‌ఫర్డ్ మాకు దగ్గరే కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. ఇక్కడ "మైండ్" అన్న క్రియకు "పట్టించుకో, చూసుకో" అన్న అర్థం రోజువారీ వాడుకలో ఉంది. గుమ్మం దగ్గర తల తగిలేలా ఉంటే "మైండ్ యువర్ హెడ్" అని రాసి ఉంటుంది, మెట్టు దగ్గర "మైండ్ ద స్టెప్" అని ఉంటుంది. లండన్ భూగర్భ రైల్లో వినిపించే "మైండ్ ద గ్యాప్" 1968 ప్రాంతంలో మొదలైంది. అంటే సరిగ్గా ఈ సీరియల్ నడిచే కాలమే. కనుక "మైండ్ హౌ యూ గో"లో మనసు గురించిన తాత్వికత ఏమీ లేదు. అడుగు చూసి వెయ్యి అన్నంత మామూలు మాట.

ఇంకొకటి. దీన్ని వింటే ఇక్కడి పెద్దవాళ్ళకు బీటు తిరిగే పాత తరం పోలీసు గుర్తొస్తాడు. చీకట్లో ఒంటరిగా వెళ్ళే ముసలావిడకూ ఆ మాటే చెబుతాడు, మూల మీద గొడవ చేస్తున్న కుర్రాళ్ళకూ అదే చెబుతాడు. ముసలావిడకు అది ఆదరంగా వినిపిస్తుంది, కుర్రాళ్ళకు "ఇక కదలండి" అని వినిపిస్తుంది. రెండూ పలికే మాట దొరికితేనే అనువాదం కుదిరినట్టు.

మొదటి టపా రాసినవారు

అక్కా, మీరు చెప్పిన ఆ "చూసుకో" దగ్గరే నాకు దారి దొరికింది. "చూసుకుని వెళ్ళు."

ఇందులో గొప్పతనమంతా "కొను"లో ఉంది. "అమ్మను చూడు" అంటే కళ్ళతో చూడమని. "అమ్మను చూసుకో" అంటే ఆమె భారం నీదని. క్రియకు "కొను" చేరగానే పని చేసేవాడి వైపు తిరుగుతుంది. వండాడు, వండుకున్నాడు. దాచాడు, దాచుకున్నాడు. "చూసి వెళ్ళు" అంటే దారి చూడమనే. "చూసుకుని వెళ్ళు" అంటే దారితోపాటు నిన్ను నువ్వు కూడా చూసుకోమని. థర్స్‌డే మోర్స్‌కు చెప్పదలిచింది అదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. తిండి సరిగా తినడు, రాత్రంతా రికార్డులు వింటూ తాగుతాడు, తన ఒంటి మీద తనకు ధ్యాస లేదు. అలాంటివాడికి ఎదురొచ్చే లారీ గురించి హెచ్చరిక అక్కర్లేదు, తనను తాను చూసుకోవాలని గుర్తుచేయాలి.

మీరన్న రెండో రంగు కూడా ఇందులో ఉంది. "చూసుకో" అన్న మాటను గొంతు మార్చి అంటే బెదిరింపే. "సరే, చూసుకుందాం" అని విడిపోయిన మనుషులు మళ్ళీ కలిసేది పంచాయితీ దగ్గరే. కాబట్టి మూల మీది కుర్రాళ్ళతో థర్స్‌డే "చూసుకుని పొండి" అంటే వాళ్ళకు అర్థమవుతుంది. మోర్స్‌తో "చూసుకుని వెళ్ళు" అంటే అతనికీ అర్థమవుతుంది.

పైలం, జోపానం రెండూ నాకు చాలా ఇష్టమైన మాటలు. థర్స్‌డేను వరంగల్‌వాడిగానో అనంతపురంవాడిగానో పూర్తిగా నిలబెట్టి, అన్ని మాటలూ ఆ యాసలోనే రాస్తే అవి తప్పక రావాలి. ఒక్క వీడ్కోలు మాత్రం యాసలో పెట్టి మిగతాది పత్రికల తెలుగులో రాస్తే ఆ మాటకే అన్యాయం.

వరంగల్ నుంచి

మంచిగనే చెప్పినవ్ అన్నా, ఒప్పుకుంటున్న. కానీ ఒక్క మాట. బెదిరించేటప్పుడు "పొండి", ప్రేమ ఉన్నప్పుడు "వెళ్ళు" అని పంచినవ్ సూడు, అది మాకు కుదరదు. మాకు "పో" అంటే మామూలు మాట. మా అవ్వ నన్ను బడికి పంపినప్పుడు "పో బిడ్డా" అనే అన్నది. అందులో కసురుడు ఏడున్నది?

మొదటి టపా రాసినవారు

నిజం. "పో" మొరటు మాట అన్నది కోస్తా చెవి అలవాటు మాత్రమే. దాన్ని తెలుగంతటికీ సూత్రం చేయకూడదు. తేడా క్రియలో పెట్టకుండా వెనక వచ్చే పిలుపులో పెడితే అందరికీ సరిపోతుందేమో. కుర్రాళ్ళతో "చూసుకుని కదలండి". మోర్స్‌తో "చూసుకుని వెళ్ళవయ్యా".

ఆ "అయ్యా" మీద నాకు నమ్మకం ఉంది. ఇంగ్లీషులో థర్స్‌డే అతన్ని ఇంటిపేరుతో "మోర్స్" అనే పిలుస్తాడు, అతను "సర్" అంటాడు. వాళ్ళ మధ్య నువ్వు, మీరు అన్న తేడా చూపే వీలు ఆ భాషలో లేదు. మనకు ఉంది కాబట్టి ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. "నువ్వు" ఖాయం. ఒట్టి "వెళ్ళు" అంటే ఆఫీసరు ఆజ్ఞలా ఉంటుంది, "వెళ్ళు బాబూ" అంటే బంధుత్వం ఎక్కువైపోతుంది. థర్స్‌డే అంత బయటపడే మనిషి కాదు. ఠాణాలో పై అధికారి కింది కుర్రాడితో "ఏమయ్యా" అన్నప్పుడు అధికారం ఉంటుంది, దాని అడుగున ఆపేక్షా ఉంటుంది.

రాజమండ్రి నుంచి (విశ్రాంత ఉపాధ్యాయులు)

మీరంతా ఒక సంగతి వదిలేశారు నాయనా. తెలుగులో వీడ్కోలు అంటే తిరిగి రావడం గురించిన మాట. బయల్దేరేవాడు "వెళ్తాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి. పంపేవాడు "వెళ్ళిరా" అనాలి. ఊరి పొలిమేర కమాను మీద, లారీ వెనక రాసేది "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అనే కదా. "చూసుకుని వెళ్ళవయ్యా"లో ఆ "రా" లేదు. నా వయసు తెలుగువాడి చెవికి అది అశుభంగా వినిపిస్తుంది. "చూసుకుని వెళ్ళిరావయ్యా" అనండి.

మొదటి టపా రాసినవారు

మాస్టారూ, మామూలుగా అయితే మీ మాటే చివరిమాట. ఈ ఒక్క చోట మాత్రం "రా" పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. కారణం చెబుతాను.

ఈ సీరియల్ అభిమానులను మొదటి నుంచీ వెంటాడిన ప్రశ్న ఒకటుంది. 1987 నాటి పాత సీరియల్‌లో మోర్స్ నడివయసువాడు. తనను చెయ్యి పట్టి పైకి తెచ్చిన థర్స్‌డే పేరు ఆ భాగాల్లో ఒక్కసారీ ఎత్తడు. థర్స్‌డే పాత్ర తర్వాత పుట్టింది కాబట్టి ఎత్తడు, అది బయటి కారణం. కానీ కథ లోపల కూడా కారణం ఉండాలి కదా. ఇంత దగ్గరైన మనిషిని ఎందుకు తలచుకోడు? వీళ్ళిద్దరి మధ్య ఏం జరుగుతుంది? పదేళ్ళకు పైగా చూసినవాళ్ళంతా ఈ బరువుతోనే చూశారు. ముగింపు చెప్పి చూడనివాళ్ళ ఆనందం చెడగొట్టను. ఎప్పుడో ఒకరోజు వీళ్ళు విడిపోతారని, మళ్ళీ కలవరని మాత్రం మొదటి భాగం నుంచే తెలుస్తుంటుంది.

పైగా 1968 చూడండి. నిజ చరిత్రలో ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆక్స్‌ఫర్డ్ నగర పోలీసు శాఖ థేమ్స్ వ్యాలీ అనే పెద్ద పోలీసు శాఖలో కలిసిపోయింది. సీరియల్‌లో ఆ విలీనం మొత్తం ఠాణాను చెదరగొడుతుంది. కుర్ర డిటెక్టివ్ ఫ్యాన్సీ కాల్పుల్లో చనిపోతాడు. 1969 కథ మొదలయ్యేసరికి మోర్స్ మళ్ళీ యూనిఫారంలో, ఒక పల్లె ఠాణాలో ఉంటాడు. థర్స్‌డే హోదా తగ్గి మరోచోట పనిచేస్తుంటాడు. అక్కడినుంచి చూస్తే "వెళ్ళిరా" అన్నది ఆ కథ నిలబెట్టుకోలేని మాట. ఇంగ్లీషు మాటలో తిరిగి రావడం ప్రస్తావనే లేదు. వెళ్ళే తీరు గురించి మాత్రమే ఉంది. మన ఆచారం ప్రకారం లోటు అనిపించేదే ఇక్కడ సరిగ్గా కావలసింది.

రాజమండ్రి నుంచి

అశుభం వినిపించాలనే "రా" తీసేశానంటావు. అలాగైతే ఒప్పుకుంటాను. కానీ తొలి భాగాల్లో "వెళ్ళిరా" అనిపించు. చివరికి వచ్చేసరికి "రా" మాయం చెయ్యి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పకుండానే గ్రహిస్తారు.

మొదటి టపా రాసినవారు

ఇంత మంచి ఆలోచన నాకు తట్టలేదు మాస్టారూ. ఇంగ్లీషులో మాట మారదు గనక మార్చడం తగునా అని కొంచెం వెనకాడుతున్నాను. కానీ మా ఇంట్లోవాళ్ళకు అందే తీరు ఇదే.

హైదరాబాద్ నుంచి

అన్నా, అలాగైతే మోర్స్ తోటి పోలీసు స్ట్రేంజ్ చనువుగా పిలిచే "మేటీ" (మిత్రమా అన్నట్టు) సంగతేంటి? ప్రతి రెండో వాక్యంలో అదే అంటాడు. నేనైతే "బాసూ" అంటాను.

మొదటి టపా రాసినవారు

"గురూ" అనిపిస్తే బాగుంటుంది. ఈ కథలో స్ట్రేంజ్, మోర్స్ ఒకే ఈడువాళ్ళు. పాత సీరియల్‌కు వచ్చేసరికి స్ట్రేంజ్ చీఫ్ సూపరింటెండెంట్, మోర్స్‌కు పై అధికారి. "గురూ" అయితే పై అధికారి కూడా చనువుగా అనగలడు. దీని మీద వేరే చర్చ పెట్టు, ఇందులో కలిపితే రెండూ పాడవుతాయి. ఆక్స్‌ఫర్డ్ మెయిల్ సంపాదకురాలు డొరోథియా ఫ్రజిల్ పేరు గురించీ అక్కడే మాట్లాడుకుందాం. ఫ్రజిల్ అంటే ఒక రకం మంచు. ముందున్న "డి" అక్షరంతో కలిపితే "డీ-ఐస్", అంటే మంచు కరిగించడం, ఇంగ్లీషులో "థా". ఆ పాత్ర వేసినామె పాత మోర్స్ నటుడు జాన్ థా కూతురు అబిగైల్ థా. ఈ శ్లేషను తెలుగులోకి ఎవరైనా తేగలిగితే చూడాలని ఉంది.

రెడింగ్ నుంచి

వెళ్ళేముందు ఒకటి అడుగుతాను. కూతురు జోన్‌తో థర్స్‌డే ఇదే మాట అనాల్సి వస్తే? "అయ్యా" కుదరదు కదా.

మొదటి టపా రాసినవారు

జోన్‌తో అయితే "చూసుకుని వెళ్ళిరామ్మా". కూతురి దగ్గర ఠాణా గొంతు ఉండదు. మాస్టారి పద్ధతి ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఆమెతో మొదటి నుంచి చివరిదాకా "వెళ్ళిరామ్మా" అనే అనాలనిపిస్తుంది నాకు. ఏ తండ్రీ కూతురి విషయంలో ఆ "రా" వదలడు. వరంగల్ అన్న ఒప్పుకుంటే "పైలం"ను కూడా ఆమె కోసమే దాచిపెడతాను.

వరంగల్ నుంచి

ఒప్పుకున్న. బిడ్డకు పైలమే చెప్పాలె.