‘ఎడమవైపు’ అంటే ఆనుకునేనా? పజిల్‌కి మూడు జవాబులొస్తున్నాయి

వరసగా 5 కుర్చీలు. కుడి, ఎడమ చూసేవాళ్ల వైపు నుంచే అని ముందే రాశాను. సూచనలు మూడు: గిరి మధ్యలో, సుధ కుడి చివర, రవి లతకి ఎడమవైపు. మిగిలింది మణి.

ఆనుకుని ఎడమ అనుకుంటే జవాబు ఒకటే: రవి, లత, గిరి, మణి, సుధ. ఎడమవైపు ఎక్కడున్నా సరే అనుకుంటే ఇంకో రెండు: ఒకటి రవి, మణి, గిరి, లత, సుధ; రెండోది మణి, రవి, గిరి, లత, సుధ. ఇలా చదివినవాళ్లది తప్పనలేం.

‘ఆనుకుని’ అని చేర్చి చూశాను. పక్కపక్క ఖాళీలు 1, 2 మాత్రమే కాబట్టి చూడగానే తేలిపోతోంది. ‘లత గిరి పక్కన’ అని కలిపితే మూడింటిలో ఒక్కటీ తగ్గలేదు. మణి 4లో అని చెప్పేస్తే ఇక పజిలే లేదు.

మణి కుర్చీ నంబరు బయటపెట్టకుండా, ‘ఎడమవైపు’ని ఎలా చదివినా ఒకే జవాబు మిగిల్చే నాలుగో సూచన ఏం ఇవ్వొచ్చు?