షాంపూ సీసా మీద కుందేలు బొమ్మకి ఎక్కువ డబ్బులు ఎందుకు కట్టాలి?

పసుపుకొమ్ము: మొన్న మా అమ్మాయి షాంపూ కొనేముందు సీసాలన్నీ తిప్పి తిప్పి చూసింది, జంతువుల మీద పరీక్షించలేదని చెప్పే కుందేలు బొమ్మ ఉందా లేదా అని. బొమ్మ ఉన్నదానికి రేటెక్కువ. మన దేశంలో 2014 మే నుంచే కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడం నిషేధం. అదే ఏడాది నవంబరు నుంచి అలా పరీక్షించిన సరుకు దిగుమతి కూడా బంద్. మరి ఈ బొమ్మ దేనికి? ఇంకో సంగతి, పరీక్షే లేకపోతే సరుకును నమ్మేదెలా?

నిదానం: నేనూ అదే అంటాను. 1933లో అమెరికాలో లాష్ లూర్ అని కనురెప్పలకు వేసే రంగు వచ్చింది. ఆడవాళ్లకు చూపు పోయింది, ఒకావిడ చనిపోయింది కూడా. 1938లో అక్కడ కొత్త చట్టం తెచ్చింది ఇలాంటివి చూసే. మనిషి కళ్లు పోవడం కన్నా కుందేలు కళ్లు పోతే నయం కాదా? వినడానికి కటువుగా ఉంటుంది కానీ నా మాట ఇదే.

ల్యాబ్‌కోటు: నిదానం గారూ, ఆ కుందేలు పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను. 1944లో డ్రెయిజ్ అనే అమెరికా శాస్త్రవేత్త పేరు మీద వచ్చింది. కుందేలు ఒక కంటి కింది రెప్పను కొంచెం లాగి ఆ సందులో పరీక్షించాల్సిన పదార్థం వేస్తారు. రెండో కన్ను పోల్చి చూడ్డానికి వదిలేస్తారు. తర్వాత గంటకి, రోజుకి, మూడు రోజులకి చూసి ఎరుపుకి, వాపుకి మార్కులు వేస్తారు. ఒక్కోసారి మూడు వారాల దాకా చూస్తారు. కాళ్లతో రుద్దుకోకుండా తల బయటికి ఉండే పెట్టెలో బిగించేవాళ్లు. పైగా కుందేలు మనలా చకచకా రెప్పలు కొట్టదు. కాబట్టి దాని కంట్లో జరిగిందే మన కంట్లోనూ జరుగుతుందని చెప్పలేం.

ఇప్పుడు ఆపరేషన్లలో మిగిలిన మనిషి చర్మపు కణాలతో పెంచిన పొరల మీద చూస్తున్నారు. కబేళా నుంచి తెచ్చిన ఆవు కన్ను మీదా చూస్తారు.

నిదానం: కబేళా ఆవు జంతువు కాదా అండీ?

ల్యాబ్‌కోటు: జంతువే. కానీ దాన్ని కోసింది కన్ను కోసం కాదు. మీకు ఇది సాకులా అనిపిస్తే కాదనలేను.

లాష్ లూర్ గురించి ఒక మాట. అందులో ఉన్న పీపీడీ రకం రసాయనం ఇప్పటికీ తల రంగుల్లో ఉంటోంది. డబ్బా మీద చదవండి, 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో రాసి చూసుకోమంటారు. ఆఖరి పరీక్ష మన మీదే.

పసుపుకొమ్ము: సరే, మరి బొమ్మ సంగతి?

ల్యాబ్‌కోటు: అదే అసలు చిక్కు. నిషేధం ఉన్నంత మాత్రాన పరీక్షలు పూర్తిగా ఆగలేదు. యూరప్‌లో 2013 నుంచి కాస్మెటిక్స్‌కి పూర్తి నిషేధం ఉంది. అయినా సన్‌స్క్రీన్‌లో వాడే హోమోసలేట్‌ని జంతువుల మీద పరీక్షించాల్సిందేనని అక్కడి రసాయనాల సంస్థ సింరైజ్ అనే జర్మన్ కంపెనీకి చెప్పింది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల భద్రత కోసమట. కంపెనీ కోర్టుకెళ్లి 2023 నవంబరులో ఓడిపోయింది. అంటే ముఖానికి రాసుకునే క్రీమ్ అంటే నిషేధం, అదే పదార్థం డ్రమ్ములో ఉంటే తప్పనిసరి! మన నిషేధం కూడా సౌందర్య సాధనాలకే. పురుగుమందులు, మందులు దాని పరిధిలోకి రావు.

నిదానం: ఇది నాకు తెలీదు. ఫ్యాక్టరీలో డ్రమ్ము మోసేవాడి పక్షాన మాత్రం నేను ఇంకా అక్కడే ఉన్నాను.

పసుపుకొమ్ము: ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. "అయితే ఆ డ్రమ్ము మీద కూడా బొమ్మ ఉండాలిగా నాన్నా" అంది. షాంపూ మాత్రం అదే కొనింది.