హాలీవుడ్‌లో ఆసియా మగవాళ్ల పాత్రలు ఎప్పుడు, ఎందుకు మారాయి? కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. ఎంఏ జర్నలిజం చదువుతున్నాను, వచ్చే వారం సెమినార్. హాలీవుడ్ సినిమాల్లో చైనా, జపాన్ మూలాలున్నవాళ్లను ఎలా చూపించారన్నది టాపిక్.

ఆడవాళ్ల వరకు దారి దొరికింది. ఎక్కువగా రెండే మూసలు: కుట్రలు పన్నే మాయలాడి, లేదంటే తెల్లవాడి కోసం ప్రాణం తీసుకునే అమాయకురాలు. లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టిన చైనా మూలాల నటి అన్నా మే వాంగ్‌కి 1937 నాటి ‘ద గుడ్ ఎర్త్’లో చైనా రైతు భార్య పాత్ర దక్కలేదు. రైతుగా పాల్ మ్యునీని పెట్టుకున్నారు. తెల్ల నటుడి పక్కన ఆమెను భార్యగా చూపించాలంటే అప్పటి సెన్సార్ నియమాలు అడ్డం. ఆ వేషం వేసిన తెల్ల నటి లూయిజ్ రైనర్‌కి ఆస్కార్ కూడా వచ్చింది! వాంగ్‌ను అడిగింది ఇంట్లో చిచ్చుపెట్టే రెండో ఆడదాని వేషానికి. ఆమె వద్దు పొమ్మంది.

నాకు చిక్కల్లా మగవాళ్ల దగ్గరే. మూకీల రోజుల్లో జపాన్ నటుడు సెస్యూ హయకావా అంటే అమెరికా ఆడవాళ్లు పడిచచ్చేవారు. 1984లో ‘సిక్స్‌టీన్ క్యాండిల్స్’కి వచ్చేసరికి ఆసియా కుర్రాడు తెరమీదికి రాగానే వెనక ఠంగుమని గంట మోగుతుంది, జనం నవ్వాలన్నమాట. మధ్యలో ఏమైంది? యుద్ధమా, వలస చట్టాలా? "కారణం చెప్పకుండా ఉత్త పోలిక ఎందుకమ్మా" అని మా మేడమ్ తిప్పి పంపారు. టెన్షన్‌గా ఉంది.

ఈ మార్పు కనిపించే సినిమాలు, తేలిగ్గా చదవగలిగే పుస్తకాలు ఉంటే చెప్పండి. అన్నట్టు, స్టీరియోటైప్‌కి ‘మూస’ అని రాస్తున్నాను, సరిపోతుందా?