అప్‌డేట్: తమ్ముడికి కాలేయ మార్పిడి జరిగింది

కామెర్లు ముదిరి, కాలేయం హఠాత్తుగా విఫలమై స్పృహ తప్పిన మా తమ్ముడికి, ఆపరేషన్ జరిగేదాకా యంత్ర సహాయం పనికొస్తుందా అని గత నెల మిమ్మల్ని అడిగాను.

ఆల్బుమిన్ సాయంతో రక్తంలోని విషాలను తొలగించే మార్స్ యంత్రం గురించి నేను ఆశగా అడిగితే, డాక్టరు గారు ప్లాస్మా మార్పిడి (రోగి రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మాను తీసేసి దాతల ప్లాస్మా ఎక్కించడం) వైపే మొగ్గారు. హఠాత్తుగా కాలేయం విఫలమైనవారిలో దానివల్ల బతికే అవకాశం పెరిగిందని 2016లో వెలువడిన అధ్యయనం చూపిందట. వరుసగా మూడు రోజులు చేశారు. సంచిలోకి దిగిన ప్లాస్మా ముదురు తేనె రంగులో ఉంది. కాలేయం పనిచేయక రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీసే అమ్మోనియాను తగ్గించడానికి పక్కనే డయాలిసిస్ ఆగకుండా నడిచింది. ఆ వ్యవధిలోనే మా మరదలికి దాతగా పరీక్షలన్నీ పూర్తయ్యాయి. ఆ యంత్రాల వల్ల మాకు దక్కిన అసలు మేలు ఆ సమయమేనని నా నమ్మకం.

నిన్న వాడు నన్ను "అన్నయ్యా" అని పిలిచాడు.