ఆస్ట్రేలియా పశువుల క్షేత్రంలో జీతానికి కుదరడం గురించి

ప్రశ్న:
నమస్కారం. వ్యవసాయ డిగ్రీ చదివిన మా తమ్ముడు, 462 వీసా (ఆస్ట్రేలియాలో కొంతకాలం ఉండి పని చేసుకోవడానికి యువతకు ఇచ్చే వీసా) లాటరీలో పేరు వస్తే, ఉత్తర ఆస్ట్రేలియాలో పశువుల క్షేత్రంలో పనికి కుదరాలనుకుంటున్నాడు. ఇంట్లో గేదెలను సాకిన అనుభవం అక్కడ అక్కరకు వస్తుందా?

జవాబు 1:
కొంతవరకే వస్తుందండి. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్ క్షేత్రం ఒక్కటే మన ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే పెద్దదంటే, పని తీరు ఊహించుకోవచ్చు. ఉత్తరాన వానలు లేని నెలల్లో హెలికాప్టర్లు, మోటారు సైకిళ్లు, గుర్రాల సాయంతో మందలను దొడ్లకు తోలి, దూడలకు చెవిపోగులు వేయడం, కాల్చి ముద్రలు వేయడం, కొమ్ములు తీయడం వంటి పనులు చేస్తారు. కొత్తవారికి ముందుగా కంచెలు బాగుచేయడం, నీటి తొట్లు చూసిరావడం వంటివి అప్పగించే అవకాశమే ఎక్కువ. ఇవి మాంసం కోసం పెంచే మందలు. ఈ సంగతి ఇంట్లో పెద్దలకు ముందే చెప్పడం మేలు.

జవాబు 2:
అక్కడ విరివిగా కనిపించే బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తమూ ఉంది. 1933లో అమెరికా నుంచి తెప్పించిన ఈ పశువులు ఎండకూ పిడుదులకూ తట్టుకుంటాయి. అయితే మనిషి చేతికి మాలిమి కాని మంద కాబట్టి, దగ్గరికి వెళ్లి పలుపు పట్టుకునే మన అలవాటు ప్రమాదకరం. వసతికి, భోజనానికి జీతంలో ఎంత కోస్తారో రాతపూర్వకంగా తీసుకోమనండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. వాడికి మోటారు సైకిల్ వచ్చు, గుర్రపుస్వారీ రాదు, వెళ్లేలోపు నేర్చుకోమంటాను.